రశీదు ఎవరు చెరిపారో చెప్పలేని కంప్యూటర్లు

సంపాదకులకు నమస్కారం.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు, డిజిటల్ అరెస్టు అంటే నమ్మొద్దు అని మీ పత్రికతో సహా అన్నీ రాస్తున్నాయి, మంచిదే. బయటి దొంగ గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, ఆఫీసులో మన బల్ల మీదున్న కంప్యూటర్లో ఎవరు ఏం చూడొచ్చు, ఎవరు ఏం మార్చొచ్చు అనే సంగతి ఎవరికీ పట్టదు. పెద్ద బ్యాంకుల సంగతి కాదు నేను చెప్పేది. మన ఊళ్ళల్లో ప్రైవేటు స్కూళ్ళు, నర్సింగ్ హోములు, రైసు మిల్లులు, అపార్ట్‌మెంటు సంఘాలు, చిన్నా చితకా సొసైటీలు ఉన్నాయి కదా, వాటిలో చాలాచోట్ల ఇప్పటికీ లెక్కంతా నడిచేది ఎప్పుడో తెలిసిన కుర్రాడెవరో, వివరాలు పట్టికలుగా దాచుకునే సాఫ్ట్‌వేర్ అయిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చేసిచ్చిన ప్రోగ్రామ్ మీదే. ఆ కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, ఫోన్ ఎత్తడు.

ఇలాంటి ప్రోగ్రాములు రాయడం, వేరేవాళ్ళు రాసి వదిలేసినవి బాగుచేయడం నా బతుకుతెరువు. తెనాలి చుట్టుపక్కల ఆఫీసుల్లో తిరుగుతుంటాను. నేను చూసినంతలో లాగిన్ స్క్రీన్ లేని ప్రోగ్రామ్ దాదాపు ఉండదు. ఆ లాగిన్ వెనక నిజంగా తాళం ఉన్న ప్రోగ్రామ్ కూడా దాదాపు ఉండదు.

ఒక స్కూల్లో జరిగింది చెబుతాను, పేరు అనవసరం. ఫీజుల ప్రోగ్రామ్‌కి మూడు లెవెల్స్ పెట్టుకున్నారు. ఆపరేటర్ రశీదు కొట్టగలదు, అకౌంటెంట్ తప్పులు సరిదిద్దగలడు, కరస్పాండెంట్ గారు మాత్రమే కన్సెషన్ ఇవ్వగలరు. చూడ్డానికి పద్ధతిగానే ఉంది. సంవత్సరం చివర్లో బకాయిల లిస్టు తీసి తల్లిదండ్రులకు ఫోన్లు చేస్తే కొందరు రశీదులు పట్టుకొచ్చి మొహాన పెట్టారు. చేతిలో కాగితం ఉంది, కంప్యూటర్లో ఆ రశీదు లేదు. ఇంకొందరి పేర్ల పక్కన ఎవరూ ఇవ్వని కన్సెషన్లు కనిపించాయి. రశీదులు కొట్టే అమ్మాయి పాస్‌వర్డ్ ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమె లాగిన్ పొద్దున తెరిస్తే సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది, భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటారు. అయినా నింద ఆమె మీదే పడింది, ఆ నెల జీతం ఆపేసి పంపించేశారు. ఆ తర్వాత నన్ను పిలిచారు. చూస్తే అసలు ఆ ఫైలు తెరవడానికి ఎవరి లాగినూ అక్కర్లేదు. ఆఫీసు నెట్‌వర్కులో ఉన్న ఏ కంప్యూటర్ మీద నుంచైనా, యాక్సెస్ కాస్త తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ పని చేసి ఉండొచ్చు. ఆ అమ్మాయి చేసిందో లేదో నేను చెప్పలేను, ఆ కంప్యూటరూ చెప్పలేదు. చెప్పలేనప్పుడు మనిషిని ఎలా పంపించేస్తారండీ?

అందుకే, లెవెల్స్ గట్టిగా పెడదాం అంటే 'మా స్టాఫ్ మీద మాకు నమ్మకం ఉంది' అని ఎవరైనా అన్నప్పుడు నాకు చిరాకేస్తుంది. నమ్మకం ఉంటే మరీ పెట్టాలి. డబ్బు తేడా వచ్చిన రోజున నిజాయితీగా పనిచేసిన గుమాస్తాని కాపాడేది యజమాని నమ్మకం కాదు, ఫలానా మార్పు ఫలానా లాగిన్‌తో ఫలానా టైముకి జరిగింది అని చూపించే రికార్డు. అది లేని చోట చిన్న జీతగాడే బలి అవుతాడు, ఇది నేను ఒక్క స్కూల్లో చూసింది కాదు.

ఆ లాగిన్ ఎందుకు పనికిరాదో చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది యజమానులకు తెలియదు, డబ్బు పోసి చేయించుకున్నారు కాబట్టి ఉందనే అనుకుంటారు. యాక్సెస్ ఫైలు తెరిచేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుంటే మొదట రావాల్సిన లాగిన్ ఫారం రాదు. ఎడమ పక్క టేబుళ్ళన్నీ, అంటే వివరాలుండే పట్టికలన్నీ, కనిపిస్తాయి, అందులో యూజర్ల టేబుల్ కూడా ఉంటుంది, చాలాసార్లు పాస్‌వర్డులు మామూలు అక్షరాల్లోనే. కరస్పాండెంట్ గారి పాస్‌వర్డ్ వాళ్ళబ్బాయి పేరు అయివుంటుంది, అది వేరే సంగతి. షిఫ్ట్ పనిచేయకుండా ఆపే ప్రాపర్టీ ఒకటి ఉంది, ఎలౌ బైపాస్ కీ అంటారు, ప్రోగ్రామర్ తలుచుకుంటే దాన్ని ఆపేయొచ్చు. ఆపినా ఒరిగేదేం లేదు. ఇంకో ఖాళీ యాక్సెస్ ఫైలు తెరిచి అందులోకి ఈ టేబుళ్ళని లింక్ చేసుకోవచ్చు. యాక్సెస్ రాదనుకుంటే ఎక్సెల్‌లో డేటా మెనూలోకి వెళ్ళి ఆ ఫైలు చూపిస్తే మొత్తం షీట్‌లోకి దిగుతుంది, పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లతో సహా. తలుపు బిగించి తాళం వేశారు గానీ చుట్టూ గోడ కట్టలేదు.

ఇక్కడ పాత చేతులు ఒక మాటంటారు, 'ఎండీబీ (యాక్సెస్ పాత రకం ఫైలు) రోజుల్లో ఈ తాళమంతా ఉండేది, మైక్రోసాఫ్ట్ వాళ్ళే తీసేశారు' అని. నిజమే, యాక్సెస్ 1992లో వచ్చింది, 2003 వెర్షన్ దాకా అందులో యూజర్ లెవెల్ సెక్యూరిటీ అని ఒక ఏర్పాటు ఉండేది. యూజర్లు, గ్రూపులు, పాస్‌వర్డులు ఎండీడబ్ల్యూ అనే ఒక వర్క్‌గ్రూప్ ఫైల్లో ఉండేవి. ఏ టేబుల్ ఎవరు చదవొచ్చు, కొత్త రికార్డు ఎవరు చేర్చొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు తీసేయొచ్చు, డిజైన్ ఎవరు ముట్టుకోవచ్చు అని దేనికది టిక్ పెట్టుకోవచ్చు. పుస్తకంలో చదివితే ముచ్చటగా ఉంటుంది. చిక్కేమిటంటే యాక్సెస్ ఎక్కించిన ప్రతి కంప్యూటర్లో అడ్మిన్ అనే యూజర్ ముందే ఉంటాడు, పాస్‌వర్డ్ ఖాళీ, ఏ ఊళ్ళో ఏ కంప్యూటర్ తీసుకున్నా ఆ అడ్మిన్ ఒక్కడే. వాడికి పాస్‌వర్డ్ పెట్టనంతకాలం లాగిన్ అడగనే అడగదు, మనకు తెలియకుండానే అందరం అడ్మిన్‌గా లోపలికి పోతాం, మనం చేసిన టేబుళ్ళకి యజమాని కూడా వాడే అవుతాడు.

దాన్ని సరిగ్గా బిగించాలంటే కొత్త వర్క్‌గ్రూప్ ఫైలు తయారు చేసుకోవాలి, మన సొంత పెద్దమనిషిని ఒకణ్ణి సృష్టించి అడ్మిన్స్ గ్రూపులో చేర్చాలి, పాత అడ్మిన్‌ని ఆ గ్రూపులోంచి తప్పించాలి, టేబుళ్ళ యాజమాన్యం కొత్తవాడి పేరు మీదికి మార్చాలి, అన్నీ అయ్యాక యూజర్స్ అనే గ్రూపుకి ఉన్న హక్కులు మొత్తం లాగేయాలి. ఆ చివరి పని దగ్గరే చాలామంది చేతులెత్తేసేవాళ్ళు. అడ్మిన్‌కి పాస్‌వర్డ్ పెట్టగానే లాగిన్ బాక్సు వచ్చేది, అది చూసి అయిపోయిందనుకునేవాళ్ళు. కానీ యూజర్స్ గ్రూపు కూడా అన్ని కంప్యూటర్లలో ఒకటే, అందరూ అందులో సభ్యులే. కాబట్టి ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికెళ్ళి తెరిస్తే ఏ పాస్‌వర్డూ లేకుండా తెరుచుకునేది! పైగా వర్క్‌గ్రూప్ ఫైలు పోయి, యూజర్లకిచ్చిన పర్సనల్ ఐడీలు ఎక్కడా రాసిపెట్టుకోకపోతే దొంగకి కాదు, యజమానికే తాళం పడేది. అంత తతంగం చేసి అంత తక్కువ భద్రత ఇచ్చే ఏర్పాటుని తీసేయడమే మంచిదైందని నా అభిప్రాయం, పాతవాళ్ళు కోప్పడినా సరే.

2007 వెర్షన్‌తో వచ్చిన ఏసీసీడీబీ ఫార్మాట్‌లో అది లేదు. పాత ఎండీబీ ఫైలుని కొత్త ఫార్మాట్‌లోకి మార్చితే అప్పటిదాకా పెట్టుకున్న హక్కులన్నీ పోతాయి, తెరిచిన ప్రతివాడికీ అన్నీ కనిపిస్తాయి. ఆఫీసులో కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు ఆ కొట్టువాడు 'ఫైలు కన్వర్ట్ చేసి పెట్టానండీ, స్పీడుగా ఉంటుంది' అని వెళ్ళిపోతాడు, ఆ రోజు నుంచి లెవెల్స్ లేవన్న సంగతి ఎవరూ గమనించరు. ఇంకొందరు ఆ భయంతోనే ఎక్స్‌పీ మీద ఆఫీస్ 2003ని ఇప్పటికీ పట్టుకు వేలాడుతున్నారు. ఆ రెండిటికీ 2014 ఏప్రిల్‌తోనే మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది.

కొత్త ఫార్మాట్‌లో ఫైలు మొత్తానికి పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసే వీలుంది, అది పాతదానికన్నా చాలా గట్టిది. ఫైలు బయటివాడి చేతికి పోతే అది అక్కరకొస్తుంది. లోపలివాళ్ళ మధ్య తేడా చూపించడానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆపరేటర్‌కీ అకౌంటెంట్‌కీ పాస్‌వర్డ్ ఒకటే. టేబుళ్ళు ఒక ఫైల్లో, ఫారాలు ఇంకో ఫైల్లో పెట్టి లింక్ చేశామనుకోండి, ఆ లింకులోనే పాస్‌వర్డ్ చదవగలిగేలా దాక్కుని ఉంటుంది, ఎక్కడ వెతకాలో తెలిసినవాడికి నిమిషం పని.

అసలు ఇబ్బంది ఇంకా కింద ఉంది. యాక్సెస్ డేటా అంతా ఒక మామూలు ఫైలు. దాన్ని పదిమంది ఒకేసారి వాడుతుంటే పక్కనే లాక్ ఫైలు ఒకటి పుడుతుంది, అందరూ మూసేస్తే పోతుంది. అది పుట్టాలన్నా పోవాలన్నా ఆ ఫోల్డర్లో రాసే హక్కు, తీసేసే హక్కు వాడేవాళ్ళందరికీ ఇచ్చితీరాలి. ఇచ్చాక ఆ ఫైలుని కాపీ చేసుకోకుండా ఎవరినీ ఆపలేం. నెట్‌వర్క్ వేసిన కుర్రాడైతే ఆలోచించకుండా ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్, అంటే అందరికీ అన్ని హక్కులూ, అని కొట్టేసి పోతాడు. అలా చేస్తే 'పని చేస్తుంది' కదా మరి.

డబ్బులు లేనివాళ్ళు ఉన్నంతలో చేయగలిగింది ఒకటుంది. ప్రతి మనిషికీ విడిగా విండోస్ యూజర్, విడిగా పాస్‌వర్డ్ ఇచ్చి, డేటా ఫైలుని పనిని బట్టి రెండు మూడుగా విడగొట్టడం. జీతాల ఫైలు ఒక ఫోల్డర్లో, ఫీజుల ఫైలు ఇంకో ఫోల్డర్లో పెట్టి, జీతాల ఫోల్డర్ ఆపరేటర్ విండోస్ లాగిన్‌కి అసలు తెరుచుకోకుండా చేయాలి. ఫారాలున్న ఫైలుని ఏసీసీడీఈగా మార్చి ఇస్తే కోడ్, ఫారాల డిజైన్ ఎవరూ కెలకలేరు. ఇది గొప్ప భద్రతేమీ కాదు గానీ ఫారంలో లెవెల్ ఒకటి, రెండు, మూడు అని రాసుకోవడం కన్నా వంద రెట్లు నయం, ఎందుకంటే ఇక్కడ ఆపేది విండోస్, మన ఫారం కాదు.

డబ్బు లెక్కలున్న చోట మాత్రం నా సలహా ఒక్కటే, టేబుళ్ళని యాక్సెస్‌లోంచి బయటికి తీసి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ లాంటి డేటాబేస్ సర్వర్లో పెట్టండి, అంటే వివరాలు తన దగ్గర ఉంచుకుని హక్కు ఉన్నవాళ్ళకే ఇచ్చే ప్రోగ్రామ్‌లో. అది ఉచితం, యాక్సెస్ ఫైలుకున్న 2 జీబీ పరిమితి కన్నా దానిలో చాలా ఎక్కువ పడుతుంది. టేబుళ్ళు అందులోకి మార్చే మైగ్రేషన్ అసిస్టెంట్ కూడా మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది. అలవాటైన ఫారాలు, రిపోర్టులు యాక్సెస్‌లోనే ఉంచుకోవచ్చు, స్టాఫ్‌కి ఏం మారినట్టు కూడా అనిపించదు. కానీ ఇప్పుడు హక్కు ఫారం దగ్గర కాదు, డేటా దగ్గర ఉంటుంది. రశీదు టేబుల్లో ఆపరేటర్‌కి చదవడం, కొత్తది చేర్చడం వరకే ఇవ్వండి, మార్చడం, తీసేయడం ఇవ్వొద్దు. ఆమె ఎక్సెల్‌లోంచి వచ్చినా, ఖాళీ యాక్సెస్ ఫైల్లోంచి వచ్చినా, షిఫ్ట్ ఎంత గట్టిగా నొక్కినా సర్వర్ కుదరదంటుంది. ఆధార్, ఫోన్ నంబర్ లేని వ్యూ (టేబుల్లో కొంత భాగమే చూపే ఏర్పాటు) ఒకటి చేసి టీచర్లకు అది మాత్రమే చూపించొచ్చు. ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు, పాత విలువెంత, కొత్త విలువెంత అని, మార్పు జరగగానే దానంతటదే నడిచే ట్రిగ్గర్‌తో వేరే టేబుల్లో రాయించొచ్చు, ఆ టేబుల్‌ని ముట్టుకునే హక్కు అకౌంటెంట్‌కి కూడా ఇవ్వకూడదు. బ్యాకప్ సంగతి మాత్రం మరవకండి, ఎక్స్‌ప్రెస్‌లో టైముకి దానంతటదే బ్యాకప్ తీసే ఏజెంట్ ఉండదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో పెట్టుకోవాలి.

ఇంత చేసి కూడా చెడగొట్టేవాళ్ళున్నారు. సర్వర్ పెడతారు, అన్ని కంప్యూటర్లలోంచి ఎస్ఏ అనే ఒకే సర్వాధికారి లాగిన్‌తో కనెక్ట్ చేసేస్తారు, పాస్‌వర్డ్ ఆ కంపెనీ పేరు పక్కన 123. అప్పుడు సర్వరున్నా యాక్సెసున్నా తేడా ఏముంది? క్లౌడ్‌కి మారిపోండి అనేవాళ్ళకి కూడా ఇదే చెబుతాను, అక్కడా ఆఫీసంతా కలిసి ఒకే అడ్మిన్ లాగిన్ వాడుకుంటుంటే మారింది నెలనెలా కట్టే బిల్లు మాత్రమే.

ఎవరికి ఏ హక్కు అన్నది కంప్యూటర్ ముట్టుకోకముందే కాగితం మీద తేల్చుకోవాలి, అది ప్రోగ్రామర్ పని కాదు, యజమాని పని. డబ్బు తీసుకునే మనిషికి రశీదు రద్దు చేసే హక్కు ఉండకూడదు. కన్సెషన్ రాసేవాళ్ళు ఒకరు, ఒప్పుకునేవాళ్ళు ఇంకొకరు కావాలి. రశీదుని తీసేయడం అనేదే ఉండకూడదు, రద్దు అని ముద్ర పడాలి, కారణం రాయాలి, నంబర్ అలాగే ఉండాలి. ఈ నంబర్ దగ్గర ఒక మెలిక ఉంది. చాలా ప్రోగ్రాముల్లో రశీదు నంబర్‌గా యాక్సెస్ ఇచ్చే ఆటోనంబర్‌నే వాడతారు. కొత్త రికార్డు మొదలుపెట్టి సగంలో ఎస్కేప్ కొడితే ఆ నంబర్ పోతుంది, మళ్ళీ రాదు. కాబట్టి 1041 తర్వాత 1043 కనిపిస్తే, 1042 చెరిపేశారా లేక నిజంగా ఎస్కేప్ కొట్టారా అన్నది తేల్చలేం. 'ఎస్కేప్ కొట్టాను సార్' అన్న మాటని అడ్డం పెట్టుకుని బతికిన దొంగలూ ఉన్నారు, అదే మాట నిజంగా చెప్పి కూడా తిట్లు తిన్న అమాయకులూ ఉన్నారు. రశీదు నంబర్ సేవ్ అయ్యే క్షణంలో, ఖాళీలు రాకుండా మనమే ఇచ్చుకోవాలి.

ఇదంతా ఎవరి బాధ్యత అనుకుంటే చట్టం కూడా ఊరుకోవడం లేదు. కంపెనీలు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఆడిట్ ట్రెయిల్, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే రికార్డు, ఉండాలని, దాన్ని ఆపే వీలుండకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ట్యాలీలో ఎడిట్ లాగ్ గురించి అకౌంటెంట్లందరూ మాట్లాడుకునేది అందుకే. అయితే అది కంపెనీల చట్టం కింద నమోదైన వాటికి, స్కూలు నడిపే సొసైటీకో ట్రస్టుకో వర్తించదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం వాళ్ళనీ వదలదు. 2023లో చేసిన ఆ చట్టం, మనుషుల వివరాలు కంప్యూటర్లో పెట్టుకున్న సంస్థ వాటికి తగిన భద్రత కల్పించాలంటుంది, ఆ పని చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్ళొచ్చు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల్లో ఎవరికి ఎంత యాక్సెస్ అన్న నియంత్రణ, లాగ్‌లు, బ్యాకప్‌లు ఉండాలని రాశారు, సిద్ధం కావడానికి పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. మన ఊరి నర్సింగ్ హోముకి అన్ని కోట్లు వేస్తారని కాదు. పేషెంట్ల జబ్బుల వివరాలున్న ఫైలు ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్‌తో పడి ఉంటే, రేపు ఎవరైనా అడిగినప్పుడు 'మాకు లాగిన్ స్క్రీన్ ఉందండీ' అంటే చెల్లదని చెబుతున్నాను.

కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల వాళ్ళని ఒకటి అడగాలి. డీసీఏ, పీజీడీసీఏ పేరుతో పిల్లలకి యాక్సెస్‌లో టేబుల్ చేయడం, ఫారం చేయడం, లాగిన్ ఫారం చేయడం ప్రాజెక్టుగా నేర్పిస్తారు, దాన్నే సెక్యూరిటీ అని రికార్డులో రాయిస్తారు. ఆ లాగిన్ ఫారాన్ని ఎలా దాటొచ్చో కూడా అదే క్లాసులో ఒక్క పూట చూపించండి, ఆ పిల్లలే రేపు మన స్కూళ్ళకి ప్రోగ్రాములు రాసేది.

ఆడిటర్లకైతే నా విన్నపం ఇంకా సూటిగా ఉంది. సంవత్సరానికోసారి వచ్చి ప్రింటవుట్ల మీద ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టి వెళ్తున్నారు, ఆ ప్రింటవుట్ వచ్చిన ఫైలుని ముందు రోజు రాత్రి ఎవరు మార్చారో మీరు అడగరు. ఈసారి వెళ్ళినప్పుడు రద్దయిన రశీదు ఒకటి మీరే ఎంచుకుని, అది రద్దు చేసిన మనిషి పేరు, తేదీ, టైము కంప్యూటర్లో చూపించమనండి. తర్వాత డేటా ఫైలు ఒక కాపీ తీయించి, ఆపరేటర్ కంప్యూటర్లోనే ఎక్సెల్ నుంచి దాన్ని తెరవమనండి. మొదటిది చూపించలేకపోయినా, రెండోది తెరుచుకున్నా, ఆ రెండు సంగతులూ మీ రిపోర్టులో రాసి సంతకం పెట్టండి.

ఇట్లు
ఒక పాఠకుడు
తెనాలి